హక్కు లేని గింజలు

ఏప్రిల్ 20, 1949. బుధవారం. పెన్‌పహాడ్

మిర్యాలగూడ బోర్డింగు నుంచి ట్రంకుపెట్టెతో సహా ఇల్లు చేరాను. మెట్రిక్ పరీక్షలు అయిపోయాయి. పెట్టె మూత తీస్తే ఇంకా బోర్డింగు సబ్బు వాసన వస్తోంది. అయిపోతుందేమోనని వెంటనే మూసేశాను.

మధ్యాహ్నం పడుకుంటే గడ్డి కప్పు సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. ఒక్కో చుక్కలో దుమ్ము ఈదుతుంది. దాన్ని చూస్తూ చూస్తూ నేను మా బోర్డింగు నడిపే మిషను దొరసాని గారి గదిలోకి వెళ్లిపోయాను. ఆవిడ ఇత్తడి గొట్టం కింద చెరువు నీటి చుక్క పెట్టి నన్ను చూడమన్న రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఒంటికన్ను పురుగులు, పచ్చటి దారాలు, గాజులా మెరిసేవి, పేరు లేనివి. పేరు ఉండే ఉంటుంది, నాకు తెలియదు. కాలేజీలో చెబుతారట. హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో అలాంటి గొట్టాలు ఒక గది నిండా ఉన్నాయట.

"ఏందే, కండ్లు తెరిసి నిద్రపోతున్నవ్?" అంది అమ్మమ్మ.

స్కాలర్‌షిప్పు నాకే ఎందుకివ్వాలో ఒక పేజీ రాసి తెమ్మన్నారు దొరసాని గారు. మొదలుపెట్టాను.

"నేను పేద క్రైస్తవ కుటుంబములో జన్మించి, విద్యయందు మిక్కిలి ఆసక్తి గలదాననై, నా జనులకు సేవ చేయు నిమిత్తము..."

నాకే నిద్రొస్తోంది.

ఏప్రిల్ 23

ఏమీ రాయలేదు. ఎండ. నిద్ర. కలలో ఇంత ఎత్తు కిటికీలున్న గది, ఒక్కో కిటికీ ముందు ఒక్కో బల్ల. ఒక బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో నా పేరు రాశారు, కానీ సగమే.

ఏప్రిల్ 30

పేజీ పూర్తయింది. నారికురుపు సంగతి రాశాను. కాలులోంచి దారంలా బయటికొచ్చే ఆ పురుగు నీళ్లలోని ఒంటికన్ను పురుగు కడుపులో దాక్కుని మనలోకి వస్తుందని, చదువుకొచ్చి మా పల్లెకు ఆ బాధ తప్పిస్తానని. అంతా నిజమే. ఎవరు చదివినా కళ్లు తుడుచుకుంటారు. రాసేటప్పుడు నాకు మాత్రం ఒక్క చుక్క రాలేదు.

మే 3. మంగళవారం. కోదాడ

నాయినతో కలిసి బండి మీద సూర్యాపేట, అక్కడి నుంచి బస్సు. సూర్యాపేట దాటగానే మిలిటరీ వాళ్లు బస్సు ఆపి అందరినీ దించారు. అడవుల్లో ఉన్న కమ్యూనిస్టుల కోసమట. ఒక జవాను నా సంచి తీసి, పేజీ బయటికి లాగి, తెలుగు రాక తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. నాయినకు చెమటలు పట్టాయి. నాకు మాత్రం చెప్పాలనిపించింది: అయ్యా, అది తిన్నగా పట్టుకున్నా అలాగే ఉంటుంది.

దొరసాని గారు బెజవాడ వెళుతూ కోదాడలో ఆగారు. అక్కడి టీచరమ్మ బెజవాడ వైపు మనిషి. "ఏమ్మాయ్, భోంచేశావా? ఎండలో ఎంత దూరం వచ్చారండీ!" అని మజ్జిగ ఇచ్చింది. నాయినను కూడా అండీ అంటుంటే ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరున్నారోనని.

దొరసాని గారు పేజీ చదివారు. ఆవిడ తెలుగు బైబిలు లోంచి నేర్చుకున్నదే.

"జానమ్మా, ఇది ప్రసంగము వలె నున్నది. ప్రసంగములు నేను ప్రతి ఆదివారము వినుచున్నాను."

నా ముఖం మాడిపోయింది. ఆవిడ నవ్వారు. ఫీజు మిషను ఇస్తుందట. తిండి ఖర్చు మాత్రం మా పల్లె క్రైస్తవ సంఘం పెట్టాలట. "నీవు వారికే అక్కర లేనియెడల నాకు మాత్రము ఎందుకు?" అన్నారు. మా దగ్గర డబ్బు లేదన్నాను. డబ్బు ఎవరడిగారు, మీ స్త్రీల కుండలు లేవా అన్నారు.

మా ఆచారం ఆవిడకు నేనే ఒకసారి చెప్పాను. మా పల్లెలో ప్రతి ఆడమనిషీ వంటకు గింజలు తీసేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేస్తుంది, దేవుని పనికని. ఎవరైనా చదువుకు పోయేటప్పుడు ఆ కుండలు విప్పుతారు. చదువుకు పోయేవాళ్లే గంప పట్టుకుని ఇంటింటికీ పోవాలి, ఎవరికిస్తున్నారో ముఖం చూసి ఇవ్వాలని. ఇంతవరకు మగపిల్లలే పోయారు. ఆడపిల్ల పోవడం ఇదే మొదలు.

జూన్ రెండో వారంలోగా కబురు పంపాలి. తిరుగు బస్సులో నాయిన ఒక్కటే మాట అన్నాడు: "మీ అమ్మమ్మతోని జెర నిమ్మలంగ చెప్పు." ఎందుకో చెప్పలేదు. నేను కిటికీలోంచి చూస్తూ అడగడం మరిచిపోయాను. పొలాలన్నీ ఎండి తెల్లగా ఉన్నాయి, నాకు మాత్రం నీళ్లే కనిపించాయి.

మే 8. ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద యాకోబు మామ లేచాడు.

"మన ఏసుపాదం బిడ్డ పట్నం కాలేజీకి పోతదట. మన పిరికెడు గింజలే ఆ పిల్ల బువ్వ. ఏమంటరు?"

అందరికంటే ముందు ఆయన భార్య అన్నమ్మత్త అంది, "మనమియ్యకుంటే ఎవలిస్తరు? పిరికెడేంది, మా ఇంటి నుంచి బస్తా వస్తది." నా తల నిమిరి, "మా కోడలు పిల్ల బంగారం" అంది. ఎంత మంచి మనిషి! వాళ్లబ్బాయి దావీదు తల దించుకుని డోలు తాళ్లు బిగిస్తున్నాడు, బిగిసి ఉన్నవాటినే.

దారంతా నేల మీద నడవలేదు. బస్తా బియ్యం! రోజూ జొన్న గట్క తాగేవాళ్లు నన్ను అన్నం తినమని పంపుతున్నారు.

మే 9

అమ్మమ్మ ఒప్పుకోలేదు.

గంప తెమ్మని నాయినతో అంటున్నానంతే. చింతకాయ కొడుతున్న అమ్మమ్మ సుత్తి పక్కన పెట్టింది.

"గంప ఈ ఇంట్లకు రాదు."

"గంప లేకుంటే గింజలెట్ల తెస్తనే?"

"తేవద్దు. ఇంటింటికి తిరిగి పిరికెడు అడుగుడు మా ఇంట్ల ఇగ లేదు. ఖతం."

"అయితే బతుకంత కలుపు తియ్యమంటవా?"

"తియ్యి. కలుపు తీసేదాన్ని ఎవడు నాది అనడు."

సుత్తి మళ్లీ తీసుకుంది. చింతకాయ కొట్టుకుంటూ కూర్చుంది. నేను అనరాని మాటలన్నీ అన్నాను. ఓర్వలేవన్నాను. అక్షరం ముక్క రానిదానికి ఏం తెలుసన్నాను. నాయిన లేచి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ ఉంటే నా వైపు మాట్లాడేది. అమ్మ నాకు సరిగా గుర్తు కూడా లేదు.

మే 10

అమ్మమ్మతో మాట్లాడలేదు.

మే 11

మాట్లాడలేదు. ఆమె కూడా. గట్కలో ఉప్పు లేదు, అడగలేదు. ఆమె కూడా వేసుకోలేదు.

మే 14. శనివారం

అందరికీ తెలుసట. నాయినకు తెలుసు, యాకోబు మామకు తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

పొద్దున చింత గింజలు తీస్తుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. క్షమించమని అనలేదు. ఊరికే గింజలు తీశాను. కొంతసేపటికి ఆమే మొదలుపెట్టింది, నా వైపు చూడకుండా.

"నన్ను చిన్నప్పుడు ఎల్లమ్మకు ఇడిసిండ్రు. జోగినిని చేసిండ్రు. ఊర్ల రోగమొచ్చిందని. నన్నడిగిండ్రా? గంప చేతికిచ్చిండ్రు. మంగళారం మంగళారం ఇల్లిల్లు తిరిగేదాన్ని. అందరు పిరికెడు పోసేటోళ్లు. మంచోళ్లే. నవ్వుకుంట పోసేటోళ్లు. పెద్దగయినంక ఎరుకైంది, పిరికెడు పోసిన ఇండ్లకల్ల నా మీద హక్కున్నదని. ఎవలు పిలిస్తే ఆళ్లింటికి పోవాలె. రానంటే, మా గింజలు తినలేదానే అనేటోళ్లు."

నా చేతిలో గింజ జారిపోయింది. ఆమె దాన్ని ఏరి బుట్టలో వేసింది.

"మీ అమ్మ కడుపుల పడ్డంక తండ్రెవడని అడిగిండ్రు. గన్ని గడపల గింజలు తిన్నదాన్ని, ఏ గడప పేరు చెప్పాలె? అప్పుడే బాప్తిస్మం తీసుకున్న. గంప వాగుల పారేసిన. ఇగ ముట్టలే."

ఇంకో నాలుగు గింజలు తీశాను. తర్వాత, తెలివి ఎక్కువ కదా, వివరించాను. అది దేవత పేరు మీద చేసిన అన్యాయం అమ్మమ్మా, ఇది స్కాలర్‌షిప్పు. చదువు మీద ఇష్టమున్న పిల్లలకు, లేనివాళ్లకు, తోటివాళ్లు చేసే సాయం. దేశమంతటా ఇస్తారు. ఇచ్చినవాళ్లు ఏమీ అడగరు.

"అడగరా?" అంది.

"అడగరు."

"పోసేటి చేతులు గవ్వే గదనే" అంది.

మే 17

కల. నేను నీటి చుక్కలో ఉన్నాను. అంతా చల్లగా, పచ్చగా, మెత్తగా ఉంది. ఒంటికన్ను పురుగులు పక్క నుంచి పోతూ పలకరించాయి. నాకు వాటి పేర్లన్నీ తెలుసు. తల ఎత్తితే పైన గుండ్రటి అద్దం, అద్దం మీద మా పల్లె ఆడవాళ్ల కళ్లు, ఒకదాని పక్కన ఒకటి. "కదులు," అంటున్నారు, "కదిలితే సూద్దం."

లేచేసరికి ఒళ్లంతా తడిసింది. ఎండ వల్లనే.

మే 20

పాసయ్యాను. సూర్యాపేట నుంచి కబురు తెచ్చినాయన మొదటి తరగతి అన్నాడు. నాయిన ఆ మాట పల్లెలో ప్రతి గడప దగ్గరా చెప్పి వచ్చాడు. అమ్మమ్మ కొంచెం బెల్లం నా నోట్లో పెట్టింది. గంప సంగతి ఎవరూ ఎత్తలేదు.

మే 22. ఆదివారం

బస్తా వచ్చింది. బస్తా వెనకే అన్నమ్మత్త వచ్చింది.

"గంప పట్టుడెందుకు బిడ్డా, నువ్వు తిరుగుడెందుకు? మేమే అంత సూసుకుంటం. సదువుకో. నీ సదువు యాడికి పోతది, రేపు మా ఇంటికే గద."

నాకు అర్థం కాలేదు. అయింది. కానట్టే కూర్చున్నాను.

"వచ్చే ఎండాకాలంల దావీదుకు చేద్దం. ఒక్క ఏడు సదివితే సాలదా? మరీ పెద్ద సదువయితే మా పిలగాని మాట వింటవా ఏంది!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఏమనాలి? "ఊకె బస్తాలిస్తరా ఎవలన్న" అని కూడా అంది, నవ్వుతూనే.

అమ్మమ్మ మూలన కూర్చుని నన్నే చూసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, జగడమాడేదాన్ని.

మే 24

దావీదు చెడ్డవాడు కాదు. డోలు బాగా వాయిస్తాడు.

మే 25

ఒక్క ఏడు కూడా చదువే. ఒక ఏడాదిలో ఎన్ని నీటి చుక్కలు చూడొచ్చు! రోజుకొకటి చూసినా బోలెడు. ఆ గది నిండా గొట్టాలు. కిటికీలు. నా బల్ల. ఒక ఏడు తర్వాత వేరే పిల్ల వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటుంది. కూర్చోనీ.

మే 26

దావీదు చెడ్డవాడు కాదు. ప్రార్థన గుడి దగ్గర ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ముఖం కూడా ఎత్తలేదు. అతన్ని కూడా ఎవరూ అడిగినట్టు లేదు.

మే 29. ఆదివారం

ఒప్పుకుంటున్నానని అమ్మమ్మతో చెప్పాను. బస్తా ఉంచుకుందాం, గంప పట్టే పని లేదు, నీ మాట కూడా నెగ్గినట్టే కదా అన్నాను. ఎంత తెలివిగా చెప్పానో! గుడి నుంచి వచ్చే దారంతా సాధన చేశాను.

అమ్మమ్మ కుండలో నీళ్లు పోస్తోంది. పోయడం ఆపింది.

"గాడ ఏమున్నది? ఎందుకు పోతవ్ గంత దూరం?"

నారికురుపు గురించి చెప్పాను. పల్లె గురించి, సేవ గురించి చెప్పాను. మళ్లీ ఆ పేజీ అంతా అప్పజెప్పాను.

"గది దొరసానికి చెప్పినవ్. నాకు చెప్పు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. ఏడుస్తూ చెప్పాను, "నాకు సూడాలని ఉన్నదే అమ్మమ్మా. నీళ్లల్ల ఏముంటయో, ఎట్ల కదులుతయో, ఎట్ల పుడతయో. ఊకెనే సూడాలె. బతుకంత అదే సూసుకుంట కూసోవాలె. ఎవలకు పనికొస్తదో నాకెరుక లేదు. రాకున్న సూడాలని ఉన్నది."

"ఊకెనేనా?"

"ఊకెనే."

అమ్మమ్మ కుండ కింద పెట్టింది. కోపమొస్తుందనుకున్నాను. ఆమె నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా. "ఊకెనేనట," అంది గోడతో. తర్వాత నా పక్కన కూలబడింది.

"ఊకెనే ఇది నాకు గావాలె అనేటి రోజు నాకు ఒక్కటి రాలేదు బిడ్డా. మీ అమ్మకు రాలేదు. నీకొచ్చింది. గంత గావాలని ఉన్నదాన్ని ఒక్క ఏడుకు అమ్ముకుంటవా?"

నేను అమ్ముకోవడం లేదన్నాను. ఆ మాట అంటున్నప్పుడే తెలిసింది, అమ్ముకుంటున్నానని.

జూన్ 5. ఆదివారం

కబురు పంపడానికి వారమే ఉంది. అమ్మమ్మ గుడికి రాలేదు. మేం వచ్చేసరికి ఇంట్లో కూడా లేదు. సాయంత్రం మేదరివాళ్ల దగ్గర నుంచి కొత్త గంపతో వచ్చింది. వెదురు ఇంకా పచ్చిగా ఉంది.

"నువ్వు పట్టొద్దు," అంది. "నాకలవాటే."

జూన్ 7. మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. మళ్లీ కలలో కలిసిపోతే ఏది నిజమో నాకే తెలియదు.

పొద్దున్నే నాయిన బస్తా భుజానికెత్తి అన్నమ్మత్త అరుగు మీద దించి వచ్చాడు. అక్కడ ఏమన్నారో చెప్పలేదు. అమ్మమ్మ తలంటుకుంది. మంగళవారమేనా వెళ్లాలి అని నాయిన మెల్లగా అడిగితే, "మంగళారమే" అంది. గంప నెత్తిన పెట్టుకుంది. నన్ను ఉత్త చేతులతో వెనక నడవమంది.

ముసలివాళ్లకు ఆ నడక గుర్తుండే ఉంటుంది. వాకిళ్లలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

మొదటి ఇల్లు ఈదయ్యది. ఆయన భార్య కుండ తెచ్చింది. అమ్మమ్మ గంప దించలేదు.

"ముందుగాల నేనన్నట్టు అను. ఇచ్చిన, ఈ పిల్ల మీద నాకు ఏ హక్కు లేదు, అను."

"గదేంది ఉప్పలమ్మా! పిరికెడు జొన్నలకు ప్రమాణమా?"

"పిరికెడుకే గావాలె. అంటెనే దించుత."

ఆమె నవ్వింది. నవ్వుతూనే అంది. అమ్మమ్మ గంప దించి పట్టింది. గింజలు పచ్చి వెదురు మీద పడ్డాయి.

రెండో ఇంటివాళ్లు కూడా నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకావిడ, "రేపు నా కాలుకు నారికురుపు లేస్తే ఈ పిల్లనే పిలుద్దమనుకున్న. గది గూడ అనొద్దా?" అని అడిగింది.

"పిలువు. వస్తే వస్తది. రాకుంటే, నా గింజలు తినలేదా అనొద్దు."

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కుండ చంకలో పెట్టుకుని. తర్వాత, "సరే, ఏ హక్కు లేదు" అని రెండు పిడికిళ్లు పోసింది. వాడ చివరి లక్ష్మీనర్సమ్మ మా గుడికి రాదు, ఎల్లమ్మనే మొక్కుతుంది, ఆమెనూ చిన్నప్పుడు విడిచారట. ఆమె అమ్మమ్మను, నెత్తి మీది గంపను చూసింది. అడగకుండానే మాట అంది. అని, "నన్ను గురించి గూడ ఎవలన్న గిట్ల అంటే బాగుండు" అంది. ఆమె పోసినంతసేపూ అమ్మమ్మ గంప పట్టుకునే ఉంది.

అన్నమ్మత్త అరుగు మీద బస్తా అలాగే ఉంది. ఆమె దాని పక్కన నిలబడింది. లోపల దావీదు గోడకానుకుని ఉన్నాడు.

"మాకొద్దీ బస్తా అన్నమ్మా," అంది అమ్మమ్మ, "అందరి లెక్కనే పిరికెడు చాలు. మాట అను."

"ఇచ్చినోళ్లకు హక్కుండదా ఉప్పలమ్మా? యాడి న్యాయం?"

"ఉంటే నీ దగ్గరనే ఉంచుకో. గింజలు గూడ."

అమ్మమ్మ తిరిగి నడిచింది. దావీదు బయటికొస్తాడేమో, ఒక పిడికెడు పోస్తాడేమోనని నేను వెనక్కి చూశాను. రాలేదు. యాకోబు మామ రేపు సంఘంలో ఏమంటాడో తెలియదు. సంఘ పెద్ద ఇంటి గింజలు లేకుంటే గంప నిండదని అందరికీ తెలుసు. నిండలేదు కూడా.

"నిండకపోతే ఏంది?" అంది అమ్మమ్మ దారిలో. "మల్ల మంగళారం వస్త. నీ సదువు అయిందాంక ప్రతి మంగళారం వస్త. మీ నాయిన సూర్యాపేట అంగట్ల అమ్మి పైసలు పంపుతడు. దొరసానికి రాయి, మావోళ్లు ఇచ్చిండ్రని."

పారేసిన గంపను నా కోసం మళ్లీ నెత్తికెత్తుకున్న మనిషికి ఏం చెప్పాలి? నేను ఆమె వెనకే నడిచాను. అప్పుడే మబ్బు పట్టింది, వాన రాలేదు కానీ మట్టి వాసన వచ్చింది. ఎక్కడో పడుతోంది. కాలేజీ, కిటికీలు, ఆ గది అంతా మబ్బులోంచి కొంచెం కొంచెంగా దగ్గరికొస్తున్నట్టే ఉంది.

ఇంటికొచ్చాక అమ్మమ్మ గంప నడింట్లో పెట్టింది. మా కుండలోంచి పిడికెడు జొన్నలు తీసింది. గంప మీద చెయ్యి పెట్టి, నా ముఖంలోకి చూసి అంది:

"ఇచ్చిన. ఈ పిల్ల మీద నాకు ఏ హక్కు లేదు."

"నువ్వనొద్దే అమ్మమ్మా," అన్నాను. "నువ్వెందుకంటవే?"

"నేననకుంట ఊరోళ్లతోని అనిపిస్తే ఏం న్యాయమే?" అని పిడికిలి విప్పింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి గట్క కలుపుతూ కూర్చుంది.

పొద్దంతా ఇంటింటి దగ్గర ఆ మాట వింటూ తేలిపోయాను. ఒక్క ఆమె నోటి నుంచి మాత్రం నాకు వద్దు. ఆమెతో చెబితే వినదు, చదవమందామంటే ఆమెకు అక్షరం రాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను: ఉన్నది అమ్మమ్మా. నీకొక్కదానికి ఉన్నది.